ఎర్రకుంట సాక్షులు

పాల ప్యాకెట్ కత్తిరించాక వాసన చూడకుండా గిన్నెలో పోయడం నా వల్ల కాదు. పండ్ల బండి దగ్గర ప్రతి జామకాయనూ తిప్పి తిప్పి చూస్తాను. ఆటో అతను "దగ్గరి తొవ్వ మేడం" అంటే ముందు తూర్పెటో పడమరెటో తేల్చుకుంటాను. మా ఆయన చరణ్ హైస్కూల్లో లెక్కల సారు. పెళ్లిచూపుల్లో ఆయన సర్టిఫికెట్లు అడిగి చూశానని ఇప్పటికీ చుట్టాల ముందు నన్ను ఏడిపిస్తాడు. అడిగిన మాట నిజమే. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ గుణం మా అమ్మ నుంచి వచ్చింది. అమ్మ పత్తి విత్తనాల చేలల్లో కూలికి పోయేది. మేస్త్రీ తన చేతి గడియారం చూసి "ఇంక పొద్దుంది" అంటే నమ్మేది కాదు. తన నీడ ఎంత సాగిందో చూసుకుని చేలోంచి బయటికి నడిచేది.

అందుకే గద్వాలలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పుకునే నన్ను ఎర్రకుంట పరీక్షకు ఎంచుకున్నప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"మీరు ఎవర్నీ నమ్మరట కదా రెబెకా గారూ" అన్నాడు కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఫోన్లో.

"అలాగని మీకెవరు చెప్పారు?" అన్నాను.

ఆయన నవ్వి, "సరిపోయింది. మీరే చేయండి" అన్నాడు.

మల్దకల్ దాటి కొంచెం లోపలికి పోతే ముళ్లతీగ తయారుచేసే కర్మాగారం ఒకటుంది. ఇనుప తీగ తుప్పు పట్టకుండా దాని మీద జింకు పూత వేస్తారు. పూత సరిగ్గా అంటుకోవాలంటే ముందు తీగను జింక్ క్లోరైడ్ అనే తెల్లటి ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి తీయాలి. తర్వాత ఆ తొట్లు కడిగిన నీళ్లు ఎటు పోతాయన్నదే గొడవంతా. కర్మాగారానికి దిగువన ఎర్రకుంట ఉంది. దాని మీద బతికే చేపలవాళ్ల సంఘానికి వెంకటన్న పెద్ద. చలికాలం మొదట్లో ఒక ఉదయం కుంటలో చేపలు వెల్లకిలా తేలాయి. మీ నీళ్లే అని సంఘం అంది. మా గేటు దాటి ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు, మబ్బు పట్టి నీళ్లలో గాలి తగ్గి చచ్చాయి అని కర్మాగారం అంది. అని ఊరుకోలేదు. ఇకమీదట తొట్లు కడిగిన నీళ్లను శుద్ధి చేసి, కాలువ తవ్వి ఎర్రకుంటలోకి వదులుకుంటామని దరఖాస్తు పెట్టుకుంది. శుద్ధి చేసిన నీళ్లలో మిగిలే ఉప్పు వల్ల చేపలకేమీ కాదని హైదరాబాద్ నుంచి ఒక రిపోర్టు కూడా తెచ్చింది.

మా కళ్లతో చూడని పరీక్షను ఒప్పుకునేది లేదని వెంకటన్న మొండికేశాడు. వాదోపవాదాలయ్యాక అధికారి ఒక మాట తేల్చాడు. కర్మాగారం వదలబోయే నీళ్లలో ఎంత ఉప్పు ఉంటుందో అంతే కలిపిన నీళ్లలో చేపలను నాలుగు రోజులు ఉంచాలి, ఇద్దరూ దగ్గరుండి చూడాలి. చేపలు బతికితే అనుమతి ఇస్తారు. చస్తే ఇవ్వరు.

అనుమతి వస్తే ఎర్రకుంట పోయినట్టే. వెంకటన్న వయసంతా ముంబైలో, పుణెలో రోడ్డు పనుల్లో గడిపి, ఇక వలసపోనని ఒట్టు పెట్టుకుని కుంట కట్ట మీద స్థిరపడిన మనిషి. కుంట పోతే మళ్లీ బస్సెక్కాలి. ఆ వయసులో ఎవరు పనిలో పెట్టుకుంటారని ఆయన నన్నే అడిగాడు.

మొదటిరోజు మాట్లాడుకోవడానికి అందరూ మా ల్యాబ్‌కు వచ్చారు. వెంకటన్న, ఆయన భార్య జమ్ములమ్మ ఒక బల్ల మీద కూర్చున్నారు. కర్మాగారం మేనేజరు సతీష్ ఎదుటి బల్లను చేతిరుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. నేను ఇద్దరి వంకా సమానమైన అనుమానంతో చూశాను. ఉప్పు డబ్బాకు తాళం వేయాలని సతీష్ అన్నాడు. తాళంచెవి ఆయన దగ్గర ఉండకూడదని నేనన్నాను. తొట్ల మూతలకు కాగితపు పట్టీలు అతికించి వాటి మీద అందరూ సంతకాలు చేయాలని ఆయనే మళ్లీ అన్నాడు. ఇది నాకు నచ్చింది. శత్రువైనా సరే, అనుమానించడం తెలిసిన మనిషిని చూస్తే నాకు కొంచెం గౌరవం కలుగుతుంది.

"చేపలు మేం తెస్తం మేడం. గది మా పని" అన్నాడు వెంకటన్న.

"వేలెడు పొడుగు రవ్వచేప పిల్లలు కావాలె, అన్నీ ఒక్క తీరుగ ఉండాలె" అన్నాను. ఆయన తలూపాడు. రవ్వపిల్లలు ఎవరు తెస్తే ఏముందని సతీష్ కూడా ఊరుకున్నాడు. చెప్పిన రోజుకు వెంకటన్న తెచ్చాడు. ఊరూరా తిరిగి చేపపిల్లలు అమ్మే వ్యానువాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ సంచులు, ఆక్సిజన్ నింపి మూతికి రబ్బరుబ్యాండు వేసినవి. లోపల పిల్లలు చురుగ్గా తిరుగుతున్నాయి. వాటితో పాటు జమ్ములమ్మ ఒక టిఫిన్ డబ్బా కూడా నా బల్ల మీద పెట్టింది.

జొన్నరొట్టె, చేపల పులుసు. చింతపండు పులుపు, పైన కాస్త మెంతిపొడి. ఆ డబ్బా మూత తీసినప్పుడు నేను వాసన చూసిన మాట నిజమే గానీ అది అనుమానంతో కాదు, ఆకలితో. సగం తిని, సగం చరణ్‌కు తీసుకుపోయాను. ఆ రోజు నుంచి జమ్ములమ్మ వచ్చినప్పుడల్లా డబ్బా వచ్చేది. నేను వద్దనలేదు.

పిల్లలను బోరు నీళ్ల తొట్టిలో వారం పాటు ఉంచి అలవాటు చేశాం. ఈలోగా నా మనశ్శాంతి కోసం నేనొక పని చేశాను. వ్యాను దగ్గర కొన్ని రవ్వపిల్లలు కొనుక్కొచ్చి, పరీక్షలో వాడబోయే మోతాదులోనే వదిలి చూశాను. మర్నాడు పొద్దున్నకు సగానికి పైగా తేలాయి. వాటిని జల్లెడతో తీసి పారేసింది మా ల్యాబ్ అటెండరు యాసిన్. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. వెంకటన్నకు ముందే చెప్పి ఆశ పెట్టడం పద్ధతి కాదు. కానీ లోపల నాకు ధీమాగానే ఉంది. ఎర్రకుంటకు ఢోకా లేదనుకున్నాను.

పరీక్ష మొదలైంది. వరుసగా గాజు తొట్లు. మొదటిదాంట్లో ఉత్త నీళ్లు, తర్వాతి వాటిలో ఉప్పు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాం. చివరి తొట్టిలో కర్మాగారం చెప్పిన మోతాదు. తూకం నేను వేశాను, ముల్లు మీదికి సతీష్, వెంకటన్న తలలు కలిపి వంగి చూశారు. ఒక్కో తొట్టిలో లెక్క ప్రకారం పిల్లలను వదిలాం. గాలి గొట్టాలు పెట్టి, మూతలకు పట్టీలు అంటించి, సంతకాలు చేసి ల్యాబ్‌కు తాళం వేశాం.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి యాసిన్ తలుపు తీసి ఊడుస్తున్నాడు. నేను నేరుగా చివరి తొట్టి దగ్గరికి వెళ్లాను. అన్నీ బతికే ఉన్నాయి. గొట్టం దగ్గర బుడగల్లో మూతులు పెట్టి ఆడుకుంటున్నాయి. సతీష్ వచ్చి చూసి టీ తెప్పించాడు. ఆ టీ నేను తాగలేదు.

నా చేపలు ఒక్క రాత్రిలో సగానికి పైగా చచ్చాయి. ఇవి చావలేదు. అదే ఉప్పు, అదే నీళ్లు, అదే మోతాదు. అంటే ఎవరో చేయి పెట్టారు.

పట్టీలు చూశాను. చిరగలేదు. కానీ గొట్టం దూరే సందు ఉంది కదా, అందులోంచి సన్నని పైపు వేసి నీళ్లు లాగి మంచినీళ్లు నింపొచ్చు. వెంటనే చివరి తొట్టి నీళ్లు సీసాలోకి తీసి కెమిస్ట్రీ చెప్పే ప్రేమలత దగ్గరికి పరుగెత్తాను. ఆమె జింకు ఎంతుందో చూసి, మోతాదు సరిగ్గానే ఉందని చెప్పింది. చేస్తున్నంతసేపూ ఆమె ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. నా ముందు మళ్లీ ఒకసారి చేయమన్నాను. ప్రేమలత నా ముఖం చూసి, ఫోన్ కట్టేసి, మళ్లీ చేసింది. మళ్లీ అంతే వచ్చింది.

"తృప్తయిందా?" అంది.

"నీళ్లు బాగుంటే చేపలను మార్చి ఉండాలి" అన్నాను.

"రెబెకా, నీకు జర దిమాగ్ ఖరాబైంది" అంది ఆమె ప్రేమగానే.

నా దిమాగ్ బాగానే పనిచేస్తోంది. ఎవరైనా నాకంటే ముందు వచ్చి, చచ్చిన పిల్లలను తీసేసి బతికినవి వేస్తే? నాకంటే ముందు వచ్చేది యాసిన్. ల్యాబ్ తాళంచెవి యాసిన్ దగ్గరే ఉంటుంది. ఆ సాయంత్రమే యాసిన్‌ను ఎక్కించుకోవడానికి కాలేజీ గేటు దగ్గర ఒక వ్యాను ఆగింది. దాని తలుపు మీద ముళ్లతీగ బొమ్మ. నడుపుతున్నది యాసిన్ అల్లుడు. ఇన్నేళ్లుగా ఈ మనిషి పెట్టిన టీ తాగుతున్నాను, అల్లుడు ఎక్కడ పనిచేస్తాడో ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు తాళంచెవి ఇమ్మని చేయి చాపాను. యాసిన్ జేబులోంచి తీసి ఇచ్చాడు.

"మా అల్లుడు తీగ కట్టలు మోస్తడు మేడం. నేను చేపలు చూస్త" అన్నాడు. "మీరు అడుగుతె చెప్తుంటి."

పట్టీలు మళ్లీ చూసుకున్నాను. విడిగా ఉంచిన మిగులు పిల్లలను లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు. అయినా నా అనుమానం తీరలేదు. ఆ తర్వాతి రోజు నేనే ముందు వచ్చి నేనే తాళం తీశాను. చేపలు ఎప్పటిలాగే బతికి ఉన్నాయి. యాసిన్ ముందే ఇంకో తాళంచెవి చేయించుకుని ఉంటాడని ఇంటికెళ్లి చరణ్‌తో అన్నాను. చరణ్ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"చేపలే అమ్ముడుపోయాయేమో. వాటిని కూడా అడిగి చూడు" అన్నాడు.

నవ్వు రాలేదు నాకు. వెంకటన్న ముఖం రోజురోజుకూ పీక్కుపోతోంది. మొదటిరోజు చేతులు కట్టుకుని తొట్ల ముందే కూర్చున్న మనిషి, మూడోరోజు ల్యాబ్ లోపలికే రాలేదు. గుమ్మం బయట నిలబడి నన్ను పిలిచాడు.

"మేడం, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు."

"అడుగు వెంకటన్నా."

"సతీష్ సారు మీ ఇంటికి గిట్ల వచ్చిండా?"

నాకు తల కొట్టేసినట్టయింది. లోకాన్నంతా అనుమానించే నన్ను కూడా ఎవరైనా అనుమానిస్తారని నాకెప్పుడూ తోచలేదు. రాలేదని చెప్పాను. ఆయన సరేనన్నట్టు తలూపాడు గానీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆ రోజు జమ్ములమ్మ డబ్బా రాలేదు. పులుసు రానందుకు బాధ పడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, పడ్డాను.

నాలుగోరోజు గడువు తీరింది. చివరి తొట్టిలో ఒకే ఒక్క పిల్ల చచ్చింది. మిగతావన్నీ తిరుగుతున్నాయి. సతీష్ అప్పటికే ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. ఉప్పు, నీళ్లు, చేపలు అన్నీ సరిగ్గా ఉన్నాయని, పరీక్ష ఏ మోసమూ లేకుండా జరిగిందని, తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పకూడదని అందులో ఉంది. తన సంతకం అందరికంటే ముందు చేసి, పెన్ను నా వైపు చాచాడు.

"సారీ వెంకటన్న గారూ. సైన్సు ఎవరి పక్షమూ కాదు కదా" అన్నాడు.

వెంకటన్న పెన్ను ముట్టుకోలేదు. తొట్ల దగ్గరికి వెళ్లి గాజు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా చేతుల మీదుగా ఆయన కుంట పోయింది, ఎలా పోయిందో కూడా నాకు తెలియలేదు.

"సరే మేడం" అన్నాడు చివరికి. "మేం ఓడినం. మా పిల్లలను మాకియ్యుండ్రి. తీస్కపోయి కుంటల ఇడుస్త."

"ఇడువద్దు వెంకటన్నా. నాలుగు దినాలు మందునీళ్లల్ల ఉన్నయి గివి. అయినా వ్యాను మీద కొన్న పిల్లల కోసం గింత పరేషాన్ ఎందుకు?"

"వ్యానేంది మేడం? గివి మా ఎర్రకుంటవే."

నేను సతీష్ కాగితాన్ని బల్ల మీద పెట్టాను.

"ఎర్రకుంట చేపలన్నీ చచ్చినయంటివి గద."

"అన్ని చావలే. నీళ్లొచ్చే దిక్కు ఉన్నయి చచ్చినయి. కట్ట మూలకు జరన్ని బతికినయి. గా మూల నుంచే ఏరుకొచ్చిన. సంచులల్ల గాలి వ్యానోళ్లతోని నింపించిన."

"ఎప్పుడు ఇడిచిన పిల్లలు గివి?"

"మొన్న వానకాలంల."

వానకాలంలో వదిలిన రవ్వపిల్ల ఈపాటికి జానెడైనా కావాలి. ఇవి ఇంకా వేలెడే ఉన్నాయి. ఇన్ని రోజులుగా వాటినే చూస్తున్నాను, వాటి వయసెంతో అడగలేదు. తాళాలను అడిగాను, పట్టీలను అడిగాను, యాసిన్ అల్లుణ్ణి కూడా వదల్లేదు. ప్లాస్టిక్ సంచీ చూసి వ్యాను చేపలే అనుకున్నాను. వాటితో పాటు పులుసు డబ్బా తెచ్చిన వాళ్లను మాత్రం ఒక్క మాట అడగలేదు.

"కుంటలవి ఎందుకు తెచ్చినవ్ వెంకటన్నా? వ్యాను మీద దొరుకుతయి గద" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇంత చదువుకుని ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఎర్రకుంట పంచాయితి గదా మేడం. సాక్ష్యం ఎవలు చెప్పాలె? ఆడ ఉన్నోళ్లు చెప్పాలె. ఎన్నడు మా కుంట మొకం చూడని చేపలను కొనుక్కొచ్చి చెప్పిస్తె గది దొంగసాక్ష్యం గాదా? గా దినం కండ్లతోని చూసినయి గివే. గివే చెప్పాలె అనుకుంటిమి." గాజు తొట్టి వంక చూసి, "చెప్పకపాయె" అన్నాడు.

చేపలు సాక్ష్యం చెప్పాయి. వినడం మాకు చేతకాలేదు. ఆ ఉప్పునీళ్లు మొదటిసారి వచ్చి పడ్డప్పుడు తట్టుకోలేనివి చచ్చాయి. మిగిలినవి ఆ తర్వాత కూడా కొంచెం కొంచెంగా అవే నీళ్లు తాగుతూ ఓర్చుకోవడానికి అలవాటు పడ్డాయి. తిన్న తిండంతా ఓర్చుకోవడానికే చాలక ఎదుగుదల ఆగిపోయింది. ఒక్క చుక్క కూడా గేటు దాటకపోతే ఇవి ఎక్కడ అలవాటు పడ్డాయి?

ఇదంతా నేను పైకి అనలేదు. ఊహ వేరు, రుజువు వేరు. పెన్ను తీసుకుని సతీష్ కాగితం మీద వంకర లేకుండా సంతకం చేశాను. ఒక ప్రతి మడిచి నా పర్సులో పెట్టుకున్నాను. వెంకటన్న నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఆ తర్వాతే ఫోన్ తీసి, అందరూ వినేలా అధికారితో మాట్లాడాను. ఇదే డబ్బా ఉప్పుతో, ఇవే తొట్లలో, ఇదే మోతాదులో ఇంకొక్కసారి చేస్తానని, ఈసారి ఎర్రకుంట పిల్లల పక్కనే వేరే కుంట పిల్లలను పెడతానని చెప్పాను.

"పరీక్ష అయిపోయింది" అన్నాడు సతీష్.

"మోసం లేకుండా జరిగిందని మీరే రాశారు కదా సార్. ఇంకోసారి జరిగితే భయమెందుకు?" అన్నాను.

బల్మూర్ జమ్ములమ్మ పుట్టినిల్లు. ఆమె తమ్ముడు శ్రీశైలం అక్కడ ఒక కుంట చూసుకుంటాడు. అక్కడి పిల్లలను తెప్పిస్తానంటే వెంకటన్న ఒప్పుకోలేదు. మన లొల్లికి బామ్మర్ది చేపలను చంపుడేందని తలపట్టుకున్నాడు.

"నా తమ్మునికి నేను చెప్పుకుంట. నువ్వు గమ్మునుండు" అంది జమ్ములమ్మ. అంతవరకు ఆమె ల్యాబ్‌లో నోరు విప్పింది లేదు.

శ్రీశైలం తన చేతులతోనే సంచులు తెచ్చి ఇచ్చాడు. ఈసారి నేను ఏ కుంట, ఎప్పుడు వదిలినవి, ఆ చుట్టుపక్కల ఏ కర్మాగారం ఉంది అని గుచ్చి గుచ్చి అడిగాను. అతను విసుక్కోకుండా చెప్పాడు. అలవాటుపడే వారం అయ్యాక వాటినీ, మొదటి పరీక్షలో వాడకుండా విడిగా ఉంచిన ఎర్రకుంట పిల్లలనూ పక్కపక్క తొట్లలో వదిలాం. ఉత్త నీళ్లలో రెండు తొట్లు, కర్మాగారం మోతాదులో రెండు తొట్లు. మళ్లీ పట్టీలు, మళ్లీ సంతకాలు.

తాళం వేసే ముందు యాసిన్‌ను పిలిచి తాళంచెవి అతని చేతిలో పెట్టాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, నోరు తిరగదు. "రేపు పొద్దున నువ్వే తియ్యి యాసిన్ భాయ్" అన్నాను. అతను తాళంచెవిని చొక్కా అంచుతో తుడుచుకుని జేబులో వేసుకున్నాడు. నాకు టీ తేవడం మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు.

మర్నాడు గుమ్మంలోనే ఆగిపోయాను. మోతాదు తొట్టిలో బల్మూర్ పిల్లలు పక్కకు ఒరిగి, నోళ్లు తెరుచుకుని, మొప్పల మీద తెల్లటి జిగురుతో తేలుతున్నాయి. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. దాని పక్క తొట్టిలో, అవే నీళ్లలో, ఎర్రకుంట పిల్లలు తాపీగా తిరుగుతున్నాయి. వెంకటన్న బల్మూర్ తొట్టి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. శ్రీశైలం చూడలేక బయటికి పోయాడు.

"ఆ బల్మూర్ పిల్లలే బలహీనమైనవి" అన్నాడు సతీష్.

"ఉత్త నీళ్లలో ఉన్నవి కూడా బల్మూర్‌వే సార్. ఒక్కటీ చావలేదు, చూడండి."

ఆయన చూడలేదు. ఫోన్ తీసి అందులో ఏదో వెతుక్కోసాగాడు.

"ఎర్రకుంట పిల్లలకు ఈ ఉప్పు ఎక్కడ అలవాటైంది సార్? మీ గేటు దాటి ఒక్క చుక్క కూడా పోలేదన్నారు" అన్నాను. మొదటి పరీక్షలో చేపలు, నీళ్లు అన్నీ సరిగ్గా ఉన్నాయని తనే రాసిన కాగితాన్ని పర్సులోంచి తీసి మొదటి ఫలితం పక్కన పెట్టాను. దాన్ని ఆయన కాదనలేడు. రెండు ఫలితాలూ కలిపి చదివితే కర్మాగారం నీళ్లు ముందునుంచే కుంటలోకి పోతున్నాయని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. అధికారి మధ్యాహ్నమే వచ్చి చూశాడు. అనుమతి లేదన్నాడు. కర్మాగారం చుట్టూ దొంగ కాలువలు, గొట్టాలు ఉన్నాయేమో తవ్వించి చూడమని అక్కడికక్కడే పురమాయించాడు. సతీష్ ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ గమనించలేదు.

వెంకటన్న ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు వచ్చింది. నన్ను అనుమానించినందుకు ఆయన కూడా క్షమించమని అడగలేదు. మా ఇద్దరికీ ఆ విషయంలో బాగా కుదిరింది. జమ్ములమ్మ సంచీలోంచి డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. మూత ఇంకా వెచ్చగా ఉంది.

"చూసినవా, మన చేపలే సాక్ష్యం చెప్పినయి" అన్నాడు వెంకటన్న భార్యతో. నేను అధికారికి చెప్పినదంతా ఆమెకు మళ్లీ తన మాటల్లో చెప్పుకొచ్చాడు. చిన్నగ చిన్నగ తాగి తాగి అలవాటు పడ్డయట, గందుకే చావలేదట, గందుకే పెరగలేదట. పైకి మంచిగనే కనబడుతయట, లోపల ఏమైతదో ఎవలికి తెల్వదట.

జమ్ములమ్మ అంతా విని, తొట్టిలో తిరుగుతున్న పిల్లలను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మేం చలికాలం సంది గా కుంట చేపలే తింటున్నం మేడం" అంది. "పెద్దయి కొన్ని బతికినయి గద, గవే. మేం గూడ గట్ల అలవాటు పడ్డట్టేనా?"

వెంకటన్న నవ్వు ఆగిపోయింది. నేను డబ్బా వంక చూశాను. ఇది ఎక్కడి చేప అని అడగాల్సిన పని లేదు. ఇన్ని రోజులూ తిన్నదీ, సగం మిగిల్చి ఇంటికి మోసుకుపోయిందీ ఎర్రకుంట చేపే. చరణ్ ముల్లు కూడా వదలకుండా తిన్నాడు. పాల ప్యాకెట్‌ను నమ్మని దాన్ని, ఈ డబ్బాను నమ్మాను.

"తెల్వదు జమ్ములమ్మక్కా" అన్నాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

ఆమె డబ్బాను రెండు చేతులతో నా వైపు జరిపింది.

"గట్లయితె దీన్ని గూడ పరీక్ష చెయ్యుండ్రి" అంది.

నేను మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఈసారి ఆకలితో కాదు. వాసన ఎప్పటిలాగే కమ్మగా ఉంది.